పచ్చ చుక్క మీద గీత

మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు పదిహేడో నంబరు బాక్సు ఆగిపోయింది. మూడు వందల పన్నెండు ఇళ్లకు ఇంటర్నెట్టూ ఫోనూ పోయాయి. తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఏడున్నర అయింది. ఇవాళ శుక్రవారం. టైము పదీ ఐదు. నేను విచారణ గది బయట వరండాలో కూర్చున్నాను. లోపల లైన్‌మన్ ఉన్నాడు.

కుర్చీలు మూడు, ఒకే ఇనుప పట్టీకి బిగించినవి. మధ్య కుర్చీకి బోల్టు లేదు, ఎవరు కదిలినా మూడూ కదులుతాయి. పిలవగానే అతను లేచాడు, ఈ చివర నేను ఊగాను. తలుపు అద్దానిది. లోపల ఏం జరుగుతోందో కనపడకుండా కాగితం అంటించారు, కింద జానెడు తక్కువ పడింది. ఆ జానెడులోంచి అతని చెప్పులు కనిపిస్తున్నాయి. రెండూ దగ్గరగా ఉన్నాయి. బడిలో నిలబెట్టిన పిల్లాడు అలా పెట్టుకుంటాడు కాళ్లు. ఆఫీసులో అతన్ని నిచ్చెన అంటారు, ఎదురుగా కాదు, వెనక. ముప్పై ఒక్క ఏళ్లుగా భుజం మీద నిచ్చెన లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరట, పెళ్లి ఫొటోలో కూడా పెళ్లికూతురికి ఇటు పక్క నిచ్చెన ఉంటుందని ఒక జోకు. నేను బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం స్క్రీన్ మీద ఎర్ర చుక్క చూసి హడలిపోయి ఫోన్ చేస్తే, అది తలుపు తీసినందుకు తల్లీ, తీసింది నేనే, ఇదిగో మూస్తున్నా, పోయిందా, అన్నాడు. పోయింది. అప్పటి నుంచి బాబాయ్. అతనికి ఇంకో పధ్నాలుగు నెలలు సర్వీసు ఉంది. బుధవారం ఇచ్చిన కాగితంలో రెండే వాక్యాలు. నెలవారీ తనిఖీలో ఫ్యాను లోపాన్ని గుర్తించలేదు, అన్నది మొదటిది. రుజువైతే ఉద్యోగం నుంచి తొలగిస్తాం, అన్నది రెండోది. నన్ను పిలిచింది సాక్షిగా. లాంఛనం అన్నారు.

నా పని చూడడం. స్క్రీన్ మీద రెండు వందల ఆరు చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో వీధి చివర నిలబడ్డ ఇనుప బాక్సు. కేంద్రం నుంచి వచ్చే లైను ఆ బాక్సులోకి వెళ్లి అక్కణ్నించి ఇళ్లకు చీలుతుంది. ఐదు నిమిషాలకోసారి మా మిషను ప్రతి బాక్సునూ పలకరిస్తుంది, ఉన్నావా అని. ఉన్నాను అంటుంది బాక్సు. అంతవరకే. ఒళ్లు వేడెక్కిందనో ఫ్యాను ఆగుతోందనో చెప్పాలంటే బాక్సే తనంతట తాను కబురు పెట్టాలి. ఆ కబురును ట్రాప్ అంటాం. ట్రాప్ ఒక్కసారి వస్తుంది. అందిందా అని అడగదు, అందిందని మేము చెప్పనక్కర్లేదు. అందిందని చెప్పేదాకా మళ్లీ మళ్లీ పంపే పద్ధతి ఇంకొకటి ఉంది, మిషను మీద భారం ఎక్కువని మా దగ్గర పెట్టలేదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ తేడా చెప్పడానికి నేను మా నాన్న కథ చెప్పేదాన్ని. నాన్నకి చెవి మిషను ఉండేది. భోజనాల దగ్గర అమ్మ మొదలుపెట్టగానే ఆయన ఎడమ చెయ్యి గోక్కుంటున్నట్టు చెవి దాకా వెళ్లేది, బటన్ నొక్కేసేవాడు, ఆ తర్వాత ప్రతి మాటకీ ఊఁ కొట్టేవాడు. ఆరు నెలలకి అమ్మకి అనుమానం వచ్చింది. ఒక రోజు గొంతు మార్చకుండా, వంటింట్లో మంటలు లేచాయండీ, అంది. ఊఁ, మంచిదే, ఇంకాస్త వడ్డించు, అన్నాడు నాన్న. చెల్లీ నేనూ పళ్లేల ముందు పొర్లి నవ్వాం. ఆ రోజు నుంచి అమ్మ ఏం చెప్పినా చివర, ఇప్పుడు నేనేమన్నాను, అని అడిగేది, నాన్న పాఠంలా అప్పజెప్పాలి. కొత్తవాళ్లు ఈ కథకి బాగా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. మంగళవారం నుంచి ఆ కథ గుర్తొస్తే అమ్మ కనపడడం లేదు, మేము కనపడడం లేదు, చెవి దాకా వెళ్లే ఎడమ చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

అటెండరు నీళ్ల సీసా తెచ్చి పక్క కుర్చీలో పెట్టి వెళ్లాడు. సీసా ఒరిగింది. పట్టుకున్నాను. టైము పదీ పదిహేడు. పదిహేడు అన్న అంకె ఎక్కడ కనపడ్డా భుజాలు తడుముకుంటున్నాను, గుమ్మడికాయల దొంగలాగా. బస్సు మీద, పాప లెక్కల పుస్తకం పేజీ మీద. నిన్న రాత్రి పాప పదిహేడో ఎక్కం రావట్లేదని తెచ్చింది, వాళ్ల నాన్నను అడగమన్నాను. ఆయనకి జరిగింది చెప్పాను. అంతా చెప్పాననుకున్నాడు. విని, అడిగిన దానికి చెప్పు, అడగనిది చెప్పకు, అంతే కదా, అన్నాడు. చెడ్డవాడు కాదు. నేను చెప్పిన దాన్ని బట్టి ఆ సలహా సరైనదే.

చెప్పింది ఇది. బాక్సు ఆగడానికి నలభై రోజుల ముందు, గురువారం, మధ్యాహ్నం ఒంటి గంటా యాభై. పదిహేడో బాక్సు ఫ్యాను తిరుగుతోంది, ఆగుతోంది, తిరుగుతోంది. ఆగిన ప్రతిసారీ ట్రాప్, తిరిగిన ప్రతిసారీ ఇంకో ట్రాప్, స్క్రీన్ మీద ఎరుపు, పచ్చ, ఎరుపు, ప్రతి ఎరుపుకీ గంట మోత. గంటలో నలభై ఒక్కసారి. రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది. తెరిచి ఉన్న అలారం ఏదైనా ఉంటే లైన్‌మన్ పేరున టికెట్ రాసి, తర్వాతి షిఫ్టువాడికి అప్పగించి, అతను సంతకం పెట్టాక వెళ్లాలి. తర్వాతి షిఫ్టువాడిని వకీలు అంటాం. ఎప్పుడు మొదలైంది, ఎవరికి చెప్పావు, ఎందుకు చెప్పలేదు, చెబితే ఏమన్నాడు, ఇలా ఇరవై నిమిషాలు క్రాస్ చేస్తాడు. అందుకని మాస్క్ చేశాను. మాస్క్ అంటే ఆ అలారం ఇక నా స్క్రీన్ మీద కనపడొద్దు అని చెప్పడం. తప్పు కాదు, అందరం చేస్తాం, గోల చేసే అలారాన్ని ఒక రోజుకి ఆపి టికెట్ రాస్తాం. నేను టికెట్ రాయలేదు. ఎప్పటిదాకా అనే గడి ఖాళీగా వదిలేశాను, వదిలేస్తే ఎప్పటికీ అని అర్థం. కారణం అనే గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు, అందులో ఒక చుక్క పెట్టాను. ఫ్యాను ఒక్కదాన్నే మాస్క్ చేయాలంటే మూడు పేజీలు లోపలికి వెళ్లాలి. మొదటి పేజీలోనే, వాతావరణం, అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఫ్యానూ వేడీ తలుపూ మూడూ కలిసి పోతాయి. అది నొక్కాను. గంట ఆగింది. చుక్క పచ్చబడింది. చేసింది ఎవరో రికార్డులో ఉండదు, పధ్నాలుగు మందిమీ షిఫ్ట్ అనే ఒకే పేరుతో లోపలికి వెళ్తాం, పాస్‌వర్డు కీబోర్డు కింద చీటీ మీద ఉంటుంది, పేరు మార్చమని రెండేళ్లుగా అడుగుతున్నారు, ఎవరూ మార్చలేదు. పాప స్కూల్లో టీచరు రెండున్నరకి రమ్మంది, అందుకే తొందరపడ్డాను, అని ఆయనతో అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నమ్మే అన్నాను. పొద్దున్న క్యాలెండర్ తిప్పి చూశాను. స్కూలు మీటింగు అంతకు ముందు వారం. ఆ గురువారం నాకు ఏ పనీ లేదు. రెండూ పది బస్సులో సీటు దొరుకుతుంది, రెండున్నర బస్సులో నిలబడాలి.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పులు కదిలాయి, మళ్లీ దగ్గరకి చేరాయి. విచారణ చేస్తున్న ఇంజనీరు గారి గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఆమె గొంతు పెంచరని పేరు. మంగళవారం బాక్సు తలుపు తీసింది ఆమె ముందే. ఫ్యాను రెక్క అరిగి ఊడింది, వడపోత జల్లెడ దుమ్ముతో గోనెపట్టాలా అయింది, లోపల రెండు సర్క్యూట్ కార్డులు కాలిపోయాయి. తలుపు లోపలి వైపు తగిలించిన అట్ట మీద నెలనెలా అతని సంతకం, పక్కన, బాగుంది, అని. కొత్త జల్లెడలు రాలేదు, ఉన్నదాన్నే దులిపి పెడుతున్నానని రెండు నెలలుగా స్టోరుకి చెబుతున్నాడట. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. బుధవారం డ్యూటీ దిగాక నేను అక్కడికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. వీధి చివర గోడకి ఆనుకుని ఉంది, కొత్త ఫ్యాను తిరుగుతోంది, తలుపు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ఎదురుగా కుట్టు మిషను పెట్టుకున్నావిడ చూసి, మీరు వాళ్లేనా, అంది. అవునన్నాను. నిన్న పగలంతా మా ఇంట్లో ఎవరి చేతిలోనూ ఏమీ లేక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం అమ్మా, ఇంకో రోజు పోయుంటే విడాకులే, అంది. నవ్వాను. ఆవిడ దారం కొరికి, అయినా ఆ ముసలాయన్ని అంటారేంటి, బాక్సుకి చెవి ఆనించి నిలబడేవాడు పాపం, డాక్టరు గుండె చూసినట్టు, అంది. ఎప్పుడు, అని అడగలేదు. ఎప్పుడో నాకు తెలుసు.

మాస్క్ చేసిన పదమూడో రోజు, బుధవారం, ఉదయం పదకొండూ నలభై. బాబాయ్ నా సెల్‌కి ఫోన్ చేశాడు. ఆఫీసు నంబరు ఎప్పుడూ ఎంగేజే, అందుకని లైన్‌మన్‌లందరూ మా సెల్‌లకే చేస్తారు, ఆ కాల్స్ రికార్డు కావు. తల్లీ, పదిహేడో దాని దగ్గరున్నా, చప్పుడు తేడాగా ఉంది, నీ దగ్గర ఏమైనా ఎర్రగా చూపిస్తోందా, అన్నాడు. ఫోన్లో వీధి వినిపిస్తోంది, స్కూటరు ఒకటి పోయింది. స్క్రీన్ చూశాను. పచ్చ చుక్క. పచ్చగానే ఉంది బాబాయ్, అన్నాను. సరే అయితే, నా చెవికే వయసొచ్చింది, అని నవ్వి పెట్టేశాడు. అట్ట మీద, బాగుంది, అని రాసి సంతకం పెట్టి ఉంటాడు. యాభై రెండు సెకన్లు. ఆ కాల్ ఇంకా నా ఫోన్లో ఉంది. అతనిది బటన్ల ఫోను, చివరి ఇరవై కాల్సే దాచుకుంటుంది, అందులోంచి ఎప్పుడో పోయి ఉంటుంది. ఇప్పుడు జాబితా పైకి జరుపుతున్నాను, అమ్మ, ఆయన, పాప వ్యాను డ్రైవరు, అమ్మ, బాబాయ్. వేలు ఆనించి పట్టుకుంటే, తీసేయాలా, అని అడుగుతుంది. అడిగింది. వేలు ఎత్తాను. రెండు సార్లు అడిగించాను దాని చేత. టైము పదీ ముప్పై ఎనిమిది.

ఇక్కడ ఒకటి వదిలేశాను. ఆయనకి చెప్పినప్పుడు కూడా వదిలేశాను. మాస్క్ చేసిన బాక్సు చుక్క మీద సన్నటి గీత పడుతుంది, బూడిద రంగుది, అడ్డంగా. పచ్చగా ఉంది కానీ నేనే చెప్పొద్దన్నాను, అని దాని అర్థం. బాబాయ్ అడిగినప్పుడు ఆ గీత చూశాను. మర్చిపోలేదు. చూసిన క్షణంలో గురువారం అంతా గుర్తొచ్చింది, గంట, చుక్క, బస్సు. ఒక్క నిమిషం బాబాయ్, అని మూడు పేజీలు లోపలికి వెళ్తే ఫ్యానూ వేడీ రెండూ కనపడేవి. కనపడితే టికెట్ రాయాలి. టికెట్ మీద తేదీ పడుతుంది, పదమూడు రోజులు ఏం చేశావు అని వకీలు కాకపోతే ఇంకొకరు అడుగుతారు. గోటితో పోయేది. అతను ఫోన్ పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు, స్కూటరు పోయింది, నేను గీత వైపు చూస్తూ పచ్చగానే ఉంది అన్నాను. అబద్ధం కాదు. పచ్చగానే ఉంది. ఆ వాక్యాన్ని ఎన్ని వైపుల నుంచి చూసుకున్నా అబద్ధం కాదు, ఈ మూడు రోజుల్లో నేను చేసిన పని అదే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకోవడం. తన చెవిని నమ్మకుండా నా కంటిని నమ్మాడు. ముప్పై ఒక్క ఏళ్ల చెవి. ఆ తర్వాత ఇరవై ఏడు రోజులు ఆ గీత రోజూ నా ఎదుట ఉంది. ఇవాళ చూద్దాం, అనుకునేదాన్ని. తర్వాత స్క్రీన్‌లో ఆ మూల వైపు చూడడం మానేశాను. మంగళవారం పదీ పన్నెండుకి ఉన్నావా అంటే బాక్సు పలకలేదు, చుక్క నల్లబడింది. అప్పుడు నేను మొదట చేసిన పని బాబాయ్‌కి ఫోన్ చేయడం కాదు. పదీ పధ్నాలుగుకి మాస్క్ తీసేశాను. ఆ తర్వాత ఫోన్ చేశాను. వస్తున్నా తల్లీ, కంగారు పడకు, అన్నాడు.

అతను నన్ను కంగారు పడకు అన్నాడు. నిచ్చెన భుజాన వేసుకుని, ఎక్కడో సగం తిన్నది వదిలేసి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని రెండు వందల ఐదు చుక్కలు చూశాను. ఒక్కో దాని మీద గీత ఉందా అని చూశాను. మరో పదకొండింటి మీద ఉన్నాయి. అందులో నావి నాలుగు. ఆ నాలుగూ షిఫ్టు దిగేలోపే తీశాను, టికెట్లు రాశాను, వకీలు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంతకాలు పెట్టాడు. మిగతా ఏడు ఎవరివో నాకు తెలియదు. అడగలేదు. అడిగితే, నీకెలా తెలుసు, అంటారు.

పదీ యాభై ఒకటికి తలుపు తెరుచుకుంది. బాబాయ్ వచ్చాడు. చేతిలో టోపీ ఉంది. ఆ చివర కూర్చున్నాడు, నేను ఈ చివర ఊగాను.

"ఇంకా పిలవలేదా నిన్ను? టీ తాగావా?"

తాగలేదన్నాను. మోకాళ్లు రాసుకున్నాడు. లోపల కుర్చీ మరీ ఎత్తు తక్కువ, లేవడానికి అక్కడ కూడా నిచ్చెన కావాల్సి వచ్చింది, అన్నాడు. వెనక పిలిచే ఆ పేరు తనకి తెలుసన్నమాట. ఏమడిగారని అడిగాను. ఇన్నేళ్ల సర్వీసు, ఫ్యాను చప్పుడు తేడా తెలీదా అన్నారట. తెలీలేదన్నాడట. సంతకం పెట్టినప్పుడు ఎవరినైనా సంప్రదించావా అన్నారట.

"ఏమన్నావు బాబాయ్?"

"ఎవరికీ ఫోన్ చెయ్యలేదన్నాను. అలాగే రాసుకున్నారు, సంతకం పెట్టాను."

అతను టోపీలోకి చూసుకున్నాడు.

"నిన్నెందుకమ్మా మధ్యలోకి లాగడం. నీ స్క్రీన్‌లో పచ్చగా ఉంటే పచ్చగా ఉందనే కదా చెప్తావు. నీ తప్పేముంది అందులో. చిన్నపిల్ల ఉంది నీకు."

బాబాయ్, అన్నాను. ఇటు తిరిగాడు. ఆ మొహంలోకి చూసి గీత అనే మాట అనలేకపోయాను. అటెండరు తలుపు దగ్గర నుంచి నన్ను పిలిచాడు. లేచాను. వెనక కుర్చీలు కదిలిన చప్పుడు వినిపించింది. వెళ్లిరా, అన్నాడు, బయట ఉంటాను, టీ తాగుదాం.

గదిలో బల్ల, నాలుగు కుర్చీలు. ఇంజనీరు గారు, పక్కన టైపిస్టు. టైపిస్టు ముందు మూడు పేజీలు, పై పేజీ చివర బాబాయ్ సంతకం, అట్ట మీద పెట్టేదే, చివర గీత లాగి ఉంటుంది. కూర్చోండమ్మా, ఐదు నిమిషాల పని, అన్నారు ఆమె. నా పేరు, హోదా, షిఫ్టు వేళలు అడిగారు. చెప్పాను. మంగళవారం కంటే ముందు పదిహేడో బాక్సు నుంచి మీ స్క్రీన్ మీద అలారం ఏదైనా కనిపించిందా, అన్నారు, కాగితం చూస్తూ, లేదు అన్న మాటకి అప్పటికే టైపిస్టు వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. కనిపించింది, అన్నాను. నలభై రోజుల ముందు, గురువారం, ఒంటి గంటా యాభైకి. గంటలో నలభై ఒక్కసారి. మాస్క్ చేసింది నేను. టికెట్ రాయలేదు. మంగళవారం పదీ పధ్నాలుగుకి తీసింది కూడా నేనే. నా గొంతు కూరగాయల జాబితా చదువుతున్నట్టు వచ్చింది. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"లైన్‌మన్ మీకు ఫోన్ చేశాడా? చెయ్యలేదని ఆయన ఇప్పుడే రాయించారు."

"చేశాడు."

ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిప్పాను. బాబాయ్, బుధవారం, పదకొండూ నలభై, యాభై రెండు సెకన్లు. ఆమె చదివారు. టైపిస్టుకి చూపించారు. తేదీ అతను రెండు సార్లు సరిచూసుకున్నాడు.

"ఏమడిగాడు?"

చప్పుడు తేడాగా ఉంది, ఎర్రగా చూపిస్తోందా అని అడిగాడన్నాను. అప్పుడు చుక్క మీద గీత ఉందని, అది నాకు కనిపించిందని, దాని అర్థం నాకు తెలుసని చెప్పాను.

"మీరేమన్నారు?"

"పచ్చగానే ఉంది బాబాయ్, అన్నాను."

టైపిస్టు ఆగాడు. బాబాయ్ అన్నది కూడా రాయాలా మేడమ్, అని అడిగాడు.

"ఆవిడ అన్నది అన్నట్టు రాయి."

రాశాడు. టైము పదకొండూ తొమ్మిది.